మిగిలింది చూపే ముల్లు

పొద్దంతా వేరేవాళ్ళ మీటర్లు చూస్తా నేను.
వారాసిగూడల, పార్సీగుట్టల,
మెట్ల కింద, చెప్పుల స్టాండ్ల వెనక,
ఒక్కోచోట గోనెసంచి పక్కకు జరిపి
టార్చి కొట్టి అంకెలు రాసుకుంటా.
ఎవరింట్ల ఎంత కాలిందో నాకెరుకే.
నా బండిల ఎంత మిగిలిందో
పదకొండేండ్ల సంది ఎరుక లేదు.

డెబ్బై రెండు మోడలు బుల్లెట్టు.
ఆరు వోల్టుల పాతకాలపు పానం.
హెడ్‌లైటు నెత్తిమీద అమ్మీటరొకటి ఉండె,
ముల్లు ఎన్నడో నడుమల కూసుండిపోయింది,
అటు పోదు, ఇటు రాదు,
పంచాయితీల పెద్దమనిషి లెక్క.

మొన్న చిలకలగూడ చౌరస్తాల, వానల,
లైటు మిణుగురుపురుగంత అయి ఆరిపోయింది.
సీతాఫల్‌మండి దాకా నూకుకుంట పోయిన.
ఎవరో ఆటోవాడు వెనక మెల్లగ నడుపుకుంట
తన లైటు నా ముందర పరిచిండు.
మూలమలుపు కాడ మొఖం చూద్దామనేలోపు వెళ్ళిపోయిండు.

కోఠిల గుజరాతీ గల్లీ.
కిరీట్ భాయ్ దుకాణంల పది వోల్టుల మీటరు దొరికింది,
ఏదో కాలేజీ ల్యాబు తుక్కు.
వీపు మీద తెల్ల పెయింటుతో
"టేబుల్ 4. ముట్టరాదు."
ఎంతమంది పోరగాళ్ళు దీన్ని చూసి
తప్పు రీడింగు రాసి పాసైండ్రో!
నూట నలభై అన్నడు, తొంభైకి ఇచ్చిండు.

పుత్లిబౌలిల హషం ఉస్తాద్
దాన్ని చెవి కాడ పెట్టుకొని ఊపి చూసిండు,
కొబ్బరికాయ కొనేటోని లెక్క.
"అమ్మీటరు దారిల నిలబడ్తది, భిక్షపతీ,
బండి తాగే కరెంటు దాని గొంతుల నుంచే పోవాలె.
గొంతు తెగిందా, బండి బంద్.
ఇది పక్కపొంటి నిలబడి చూస్తది.
గుక్కెడు కూడ తాగదు."
జర ఆగి, మళ్ళ తనే అన్నడు,
"గుక్కెడు తాగుతది లే.
తాళానికి ముందర కలిపితే రాత్రంతా చప్పరిస్తది,
పొద్దుగాల కిక్కు కొట్టుకుంట ఏడుస్తవ్."

రంధ్రం చిన్నది, మీటరు పెద్దది.
గంటన్నర ఆకురాయి నడిచింది.
ఇనుప పొడి ఆయన గడ్డంల మెరిసింది.
మగ్రిబ్ అజాకు ఆగి, చేతులు కడుక్కొని పోయి వచ్చి
మళ్ళ అదే గీతల కాడ అందుకున్నడు.
టంకం పొగ. ఉడకవెట్టిన పల్లికాయ.
అమ్మీటరు నుంచి ఊడిన రెండు తీగలను
ఒకదానికొకటి మెలివెట్టి ముడేసిండు.
పెద్దమనిషి లేకున్నా పని నడుస్తది.

తాళం తిప్పిన.
సున్నా మీద పండుకున్న ముల్లు
ఉలిక్కిపడి లేచి, ఆరు దాటి ఆగింది.

నేను పొద్దంతా చూసే అంకెలు వెనకకు తిరగవు.
ఖర్చైందే వాటికి తెలుసు,
నెలనెలా నా చేతితోనే ఆ బాకీ రాస్తా.
ఇంకా ఎంతున్నదో చెప్పే మీటరును
ఏ ఇంటి గోడకూ చూడలే నేను.

రాత్రి శశిరేఖను వెనక కూసోపెట్టుకొని వస్తున్న.
లైటేస్తే ముల్లు వంగుతది.
హారన్ కొడితే తలకాయ దించి మళ్ళ ఎత్తుతది.
సిగ్నల్ కాడ ఐదున్నరకు జారింది,
నా గుండె కూడ దానెంబడే జారింది.
ఎరుక లేక తిరిగిన దినాలు
ఎంత నిమ్మళంగ తిరిగిన్నో!
"రోడ్డు చూడు," అన్నది శశిరేఖ.
చూసిన. ఎక్సిలేటరు తిప్పిన.
ముల్లు మెల్లగ ఏడు దిక్కు నడిచింది.

ఇంటి ముందర తాళం తీస్తే సున్నాకు వాలింది.
"అయిపోయిందా?"
"లేదు, పండుకున్నది."
నమ్మలే. వంగి, చిటికెన వేలి గోరుతో
అద్దం మీద రెండుసార్లు కొట్టి చూసింది.

లోపలికొచ్చి జేబుల నుంచి పాత అమ్మీటరు తీసి
టీవీ మీద పెట్టిన.
దారిల గుంతలకో ఏమో,
ముల్లు జరంత మైనస్ దిక్కు జరిగి ఉన్నది.
పదకొండేండ్లకు పెద్దమనిషి
తీర్పు చెప్పిండు.